‘తాజా’ అని అచ్చేసిన చీటీ

నేను ఒక తప్పొప్పుల చీటీని. బెత్తెడు పొడవు, బరువు చెప్పుకోనక్కర్లేదు. నా మీద ఉన్నది ఒక కంప్యూటర్ భాష గురించి ఒకటే వాక్యం: “ఎస్‌క్యూఎల్ భాషకు తాజా ప్రమాణం 1999లో వచ్చినది.” విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ తన డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చే పుస్తకంలో, నలభై ఒకటో పేజీలో 1992 అని ఉండేది. అది పాతబడింది. దాని మీద అంటించడానికి మమ్మల్ని ఐదు వేలు అచ్చేశారు.

ఐదు వేలు! అమ్ముడుపోయిన పుస్తకాలు ఎనిమిది వందలు. మిగిలినవాళ్లం కట్టలు కట్టలుగా బీరువాలో పడి ఉన్నాం. ఇంతలో 2003లో ఇంకో ప్రమాణం వచ్చింది. పుస్తకం రాసిన పైడిరాజు గారు వెళ్లి మేనేజరుకు చెప్పారు.

“ఉన్న చీటీలు అయిపోనీండి, తరవాత చూద్దాం,” అన్నాడాయన.

పైడిరాజు గారు తలూపి వచ్చేశారు. మరుసటి ఏడాది నాకు బంక రాసి, కొత్త పుస్తకంలో అంటించారు. అబద్ధం అచ్చులో ఉన్నా ఫరవాలేదు గానీ కాగితం వృథా కాకూడదు! ఈ మనుషులతో నాకు విసుగొచ్చేసింది.

ఆ పుస్తకం ఒక ప్రభుత్వ ఆఫీసుకు చేరింది. అక్కడ కంప్యూటర్ విభాగంలో ప్రమోషన్ పరీక్ష పెట్టారు. తాజా ప్రమాణం ఏ ఏడాదిదన్న ప్రశ్నకు నూకరత్నం అనే ఉద్యోగిని 2003 అని రాసింది. పేపర్లు దిద్దినాయన నన్ను చూసి ఆ జవాబు అడ్డంగా కొట్టేశాడు. ఒక్క మార్కులో పరీక్ష పోయింది. రెండు సార్లే రాయనిస్తారు, ఆమెకది రెండోసారి.

నూకరత్నం పుస్తకం చంకన పెట్టుకుని కంపెనీకి వచ్చింది.

“ఏటండీ పైడిరాజు గారూ, ఇది నిజమేనేటి? మీ చీటీ సూసే నా మార్కు కొట్టీసినారు.”

“కాదమ్మా. అంటించిననాడే తెలుసు.”

“తెలిసీ అంటించీసినారా!”

ఆయన తల దించుకున్నారు. నాకూ సిగ్గేసింది. ఆయన పెన్ను తీసి, మేనేజరును అడగకుండానే, నా మీద ఖాళీలో రాశారు: “ఇది 2003 దాకానే నిజం. తెలిసీ దిద్దలేదు. తప్పు నాది.” కింద సంతకం, తేదీ.

ఆ పేజీ చింపి ఆమె అప్పీలు కాగితాలకు జతచేశారు. నూకరత్నానికి మార్కు కలిసింది, ప్రమోషనూ వచ్చింది. పైడిరాజు గారికి మెమో వచ్చింది. మేనేజరు మాత్రం మిగిలిన చీటీలు అంటిస్తూనే ఉన్నాడట.

ఇప్పుడు నేను రికార్డు గదిలో, దుమ్ము పట్టిన ఫైలులో ఉన్నాను. ఆ తర్వాత ఎన్ని ప్రమాణాలు వచ్చాయో, వస్తే రానీ. నన్ను ఏనాటిదాకా నమ్మాలో నా మీదే రాసి ఉంది.