మందులషాపులో మొదటి స్టూలు

చట్టం వచ్చేసింది. నల్లవాళ్ళు ఇక ఎక్కడైనా కూర్చుని తినొచ్చని వాషింగ్టన్‌లో సంతకం కూడా అయిపోయింది. అయితే ఈ జార్జియా ఊళ్ళో, పార్క్‌మన్ మందులషాపులో తెల్లవాళ్ళే కూర్చునే టిఫిను కౌంటరుకు ఆ సంగతి ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి కదా. శనివారం అక్కడ మొదటి స్టూలు మీద కూర్చునేది వెర్డెల్ అని చర్చి పెద్ద ప్రూయిట్ అనగానే జెనోబియాకు కడుపు భగ్గుమంది.

మండదూ మరి. ఓటర్ల నమోదు కోసం ఎండనపడి గడప గడపా ఎక్కి దిగింది తను. ఆ పాపానికి దొరసాని ఇంట్లో వంటపని ఊడింది తనకు. నిన్నగాక మొన్న ఉద్యమంలో చేరిన ఈ వెర్డెల్ ఏం పొడిచిందని? నిటారుగా కూర్చుంటుందట, మాట మెత్తనట. ఆ నిటారు మెడను చూస్తేనే జెనోబియాకు ఒళ్ళు మంట.

ఆ శనివారం కోసం రోజూ సాయంత్రం చర్చి నేలమాళిగలో రిహార్సల్ జరిగేది. కొందరు వరసగా కుర్చీల్లో కూర్చోవాలి. కొందరు తెల్లవాళ్ళ వేషం కట్టి, వెనక నిలబడి తిట్టాలి, జుట్టు లాగాలి, నెత్తిన టమోటా సాసు పొయ్యాలి. కూర్చున్నవాళ్ళు లేచినా, బదులు పలికినా శనివారం వాళ్ళకు చోటు లేనట్టే.

"ఇవాళ వెర్డెల్ వెనక నేను నిలబడతా," అంది జెనోబియా.

"నిలబడు సిస్టర్. మొహమాటపడకు, అక్కడ వాళ్ళు పడరు," అన్నాడు ప్రూయిట్.

ఆమెకేం మొహమాటం. జుట్టు పట్టుకుని లాగింది. సాసు కుమ్మరించింది. వెర్డెల్ చేతులు బల్ల మీంచి తియ్యలేదు. ఇది లేస్తే ఆ స్టూలు తనది. లేవదేం? జెనోబియా వంగి, గదంతా వినేలా అంది.

"ఒక్క బిడ్డను బతికించుకోలేనిదానివి, నీకు మా పక్కన కుర్చీ కావాల్సొచ్చిందా?"

కిందటేడు నొప్పులతో వెళ్తే, ఇది తెల్లవాళ్ళ ఆసుపత్రి అని వెర్డెల్‌ను గుమ్మంలోంచే తిప్పి పంపారు. కారులోనే పుట్టి కారులోనే పోయింది ఆమె కూతురు. అది ఎరగనివాళ్ళు అక్కడ లేరు.

వెర్డెల్ చెంపల మీద సాసూ కన్నీళ్ళూ కలిసి కారాయి. చేతులు మాత్రం బల్ల మీదే ఉన్నాయి.

"ఇంతకన్నా పాడుమాట అక్కడెవడూ అనలేడు," అన్నాడు ప్రూయిట్. "వెర్డెల్ నెగ్గింది. ఇప్పుడు నువ్వు కూర్చో జెనోబియా. రెండో స్టూలు."

రెండోదట. అంత సిగ్గులోనూ ఆ మాట ఆమెకు చురుక్కుమంది. వెళ్ళి కూర్చుంది. ఆమె వెనక నిలబడడానికి ఎవరూ ముందుకు రాలేదు.

"నేనుంటా," అంటూ వెర్డెల్ మొహం తుడుచుకుని లేచింది.

అనవే, నీ ఇష్టమొచ్చినట్టు అను, కొట్టు, అనుకుంది జెనోబియా పళ్ళు బిగబట్టి. నీ ముందు మాత్రం చచ్చినా కదలను. వెర్డెల్ ఆమె జుట్టు ముట్టుకోలేదు.

"అక్కా, ఆ రోజు నాకు స్పృహ లేదు. పాపకు నీళ్ళు పోసి గుడ్డ చుట్టింది నువ్వేనట," అంది మెల్లగా. "ఇన్నాళ్ళూ అడగడానికి ధైర్యం చాల్లేదు. ఎవరి పోలికే అది?"

బదులు పలకకూడదని జెనోబియా పెదాలు బిగించింది. ఆగలేకపోయింది.

"నీ పోలికేనే తల్లీ. అచ్చం నువ్వే," అంటూ లేచి వెర్డెల్‌ను రెండు చేతులా చుట్టేసింది.

ప్రూయిట్ తల వంచుకుని, రెండో స్టూలుకు ఇంకొకరిని రమ్మన్నాడు.