ఫ్రేము మూలన చిన్న ఫోటో

చనిపోయిందనుకున్న ఆవిడ గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చింది.

నేను ఫ్రేము వెనక అట్టకు మేకులు కొడుతున్నాను. ఆ ఫ్రేములోనే, మూలన, అద్దం కింద ఆవిడ పాస్‌పోర్టు సైజు ఫోటో ఉంది. పెద్ద ఫోటోలో కొడుకు, కోడలు, పిల్లలు. మూలన ఆవిడ. ఇలాంటివి నా చేతిమీదుగా చాలా వెళ్ళాయి. "ఈ చిన్నది కూడా మూలన పెట్టండి" అని ఇచ్చి వెళతారు. పోయినవాళ్ళ గుర్తు అనుకునేవాణ్ణి. ఎవరని అడగను. చేతులు తుడుచుకుని, కాస్త శ్రద్ధగా అతికిస్తాను.

"అయిందా అన్నయ్యా? మా అబ్బాయి పట్టుకురమ్మన్నాడు" అందావిడ.

ఫోటో వైపు చూశాను. ఆవిడ వైపు చూశాను. గడ్డం మీద అదే పుట్టుమచ్చ.

"ఏంటలా చూస్తారు, దెయ్యాన్ని చూసినట్టు?"

లోపలి నుంచి నా మేనకోడలు వచ్చింది. ఫోటోలు తీసేది తనే. స్టూడియో, ఈ గది మా బావవి. చూపు మందగించాక కెమెరా కూతురికిచ్చి, తను కుర్చీలో కూర్చుంటున్నాడు. ముందుగదిలో ఒక పక్క నా ఫ్రేముల పని. నోట్లో ఎప్పుడూ మేకులుంటాయని మేనకోడలు నన్ను మేకుల మామయ్య అంటుంది.

"ఏమైంది మామయ్యా? మేకులు తీసి చెప్పు."

తీశాను. "ఈవిడ బతికే ఉంది."

"ఉన్నానండీ" అందావిడ. "ఇంకొన్నాళ్ళు ఉండే ఉద్దేశమే."

మేనకోడలు ఫ్రేము అందుకుని చూసింది. "మరి పెద్ద ఫోటోలో ఎందుకు లేరు పెద్దమ్మా? ఆ రోజు మీరూ వచ్చారుగా. కొత్త బట్టలు కట్టుకుని బయట బెంచీ మీద కూర్చున్నారు. ఫోటో అంటే సిగ్గేమో అనుకున్నా."

"సిగ్గా! నాకా! మీ దగ్గర తలకింత కదమ్మా. నేనాగుతాలే, పిల్లల్ని తీయించండి అన్నా. పాత పాస్‌పోర్టు ఫోటో ఉంటే మూలన పెట్టించమన్నా. ఆ మాత్రం చాలు నాకు."

బావ కుర్చీ కిర్రుమంది.

ఆ రోజుల్లో మేనకోడలికి ఆ కుర్చీలో కూర్చున్న తండ్రి అంటేనే బెంగ. పని లేక కాదు, మిగిలేది లేక. వీధి చివరి దుకాణంతో పోటీపడి ధర తగ్గించింది. జనం పెరిగారు, ప్రింటు కాగితం ఖర్చూ పెరిగింది. కెమెరా మరమ్మతుకొస్తే గల్లాలో ఏమీ లేదు. సెల్‌ఫోన్లు అమ్మే ఆయన ఈ గది అడుగుతున్నాడు. "ఏడాది చివరికల్లా ఈ గది నీ జీతం నీకివ్వాలి. లేదంటే అతనికిచ్చేస్తా, నువ్వు ఉద్యోగం చూసుకో" అని బావ తేల్చేశాడు.

గొడుగావిడ వెళ్ళాక మేనకోడలు బయటికెళ్ళి బెంచీ చూసింది. దాని మీద ఒకాయన, ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు.

"మీరు లోపలికి రారా?"

"మా బావమరిది వాళ్ళు తీయించుకుంటున్నారండీ. నేనెందుకులే, దండగ."

తర్వాత బెంచీ మీద ఎవరు కూర్చున్నా వెళ్ళి అడిగేది. నేను రంపం ఆపి వినేవాణ్ణి. ఒకరు పిన్ని, ఒకరు అల్లుడు, ఒకరు తాత. అందరిదీ అదే మాట.

"నాన్నా, తలకింత అని ఎవరు పెట్టారు?"

"మా గురువుగారు. ఫిల్ము రోజుల్లో."

"ఫిల్ములో ఒకరున్నా పదిమందున్నా ఖర్చయ్యేది ఒకే ముక్క కదా?"

బావ తల గోక్కున్నాడు. "నిజమే. ఎందుకు పెట్టాడో! నేనడగలేదు. ఏదైతేనేం, అదే ధరతో మీ అందరినీ పెంచలేదూ?"

"పెంచింది అమ్మ కుట్టుమిషను నాన్నా. నీ కూలి ఏనాడైనా వేసుకున్నావా?" నా వైపు తిరిగింది. "మామయ్యా, ఫ్రేముకి నీ కూలి వేసుకుంటావా?"

"వేసుకోకపోతే మీ అత్తయ్య ఇంట్లోకి రానివ్వదు."

మర్నాడు బోర్డు మారింది. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ధర, ఎంతమందైనా. ఒక పెద్ద ఫోటో అందులోనే, కాపీలు విడిగా. కాగితం, మరమ్మతు, తన రోజుకూలి అన్నీ ఆ ధరలో వేసింది.

"ఇద్దరొస్తే ఇంటిల్లిపాది డబ్బు కడతారటే? గుమ్మం ఎక్కరు" అన్నాడు బావ.

ఎక్కలేదు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి బోర్డు చదివి, నవ్వుకుని వెళ్ళిపోయింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, మేనకోడలు స్టూలెక్కి, "ఒకరికైనా ఇద్దరికైనా" అని ఇంకో తక్కువ ధర రాసింది. అయినా గది ఖాళీగానే ఉంది. సెల్‌ఫోన్లాయన టేపు తెచ్చి, అరల కోసం గోడ కొలుచుకున్నాడు. నేను చెక్క ముక్కలు అటువి ఇటు సర్దాను.

అప్పుడొచ్చింది గొడుగావిడ. వెనకాల కొడుకులు, కోడళ్ళు, కూతురు, అల్లుడు, పిల్లలు, "సగం రోజులు మా ఇంట్లోనే పడుంటుంది" అంటూ ఆవిడ వెంటబెట్టుకొచ్చిన చెల్లెలు.

"ఎంతమందైనా ఒకటేనా? బోర్డు మీద ఉంది, మాట మార్చకు."

వెనక తెర చాల్లేదు. బావ లేచి, తడుముకుంటూ వెళ్ళి దాని అంచు లాగి పట్టుకున్నాడు. మేనకోడలు వెనక్కి జరుగుతూ, జరుగుతూ నా రంపపు పొట్టులోకి వచ్చేసింది. నేను పనిముట్లు తీసుకుని వీధిలో నిలబడ్డాను.

"బావగారూ, పొట్ట లోపలికి!" అంది చిన్నకోడలు, పెద్ద కొడుకుతో.

"ఉన్నదే లోపలికి పెట్టి తీయించుకుంటే అది నేనెలా అవుతానమ్మా?"

అందరూ నవ్వుతుండగా మేనకోడలు ఫోటో తీసేసింది.

ఫోటో చూడగానే కూతురు తనకొక కాపీ అంది. పెద్ద కొడుకు ఒకటన్నాడు, చిన్నవాడు ఒకటి. చెల్లెలు ఒకటి. "నాకు అందరికన్నా పెద్దది. మూలన కూర్చుని విసిగిపోయాను" అంది గొడుగావిడ. అన్నింటికీ ఫ్రేములు కావాలన్నారు.

వాళ్ళు వెళ్ళాక మేనకోడలు పొట్టులోనే నిలబడి ఉంది.

"మామయ్యా, చూశావా! ఫోటోలో ఉన్నవాళ్ళే ఫోటో కొంటారు. మనం సగం మందిని బయట కూర్చోబెట్టి, ఎవరూ కొనట్లేదేంటా అని ధర తగ్గించుకుంటూ పోయాం!"

నేను చెక్క కోసం బయల్దేరాను. ఉన్నది చాలదు.

ఆ ఫ్రేములు ఎన్ని ఇళ్ళ గోడలకెక్కాయో, చూసిన చుట్టాలు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. రోజూ కాదు. కానీ వచ్చినవాళ్ళు అందరూ లోపలికే వచ్చారు. ఏడాది చివర మరమ్మతు ఖర్చు పక్కన పెట్టి, తన జీతం తను తీసుకుని, మేనకోడలు తండ్రికి కళ్ళజోడు కొత్తది కొనిపెట్టింది.

సెల్‌ఫోన్లాయన జవాబు కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఎవరిదో ఇంటిల్లిపాదీ ఫోటో జరుగుతోంది. బావ బయటికొచ్చాడు.

"అదేంటి, ఇంకా ఒకరు మిగిలిపోయారు! లోపలికి రండి బాబూ."

"నేనండీ. గది సంగతి…"

"ఓ, మీరా! గది ఖాళీ లేదు. ఈ బెంచీ కావాలంటే ఇస్తా."

ఆయన నిజంగానే లేచి, బెంచీ కాలు ఊపి చూశాడు. "ఎంతకిస్తారు?"

బావ నోరు తెరిచి, మూసి, లోపలికి చెయ్యి చూపించాడు.

"మా అమ్మాయినడగండి. ధరలు తనే పెడుతుంది."