ముప్పై దగ్గరే ఆగాలి

జీవరత్నం ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుని కుడిచేత్తో కంప్యూటరు మీట నొక్కింది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లకు కంట్రోలు పెట్టెలు చేసే ఆ అమలాపురం ఆఫీసులో పదకొండేళ్ళుగా ఆమె పొద్దు ఇలాగే మొదలవుతోంది. పెట్టె లోపల నడిచే సి ప్రోగ్రాములో రెండువందల పైచిలుకు ఫైళ్ళున్నాయి. ఏ మాడ్యూలు, అంటే ప్రోగ్రాములో ఏ భాగం, పేర్లూ అంకెలూ రాసుంచే ఎవరి హెడర్ ఫైలును తెచ్చుకుంటోందో ఆమె రాసిన స్క్రిప్టు వరుస వరుసా చదువుతుంది. తెచ్చుకోకూడనిది తెచ్చుకుంటే ఎర్రగా చూపించి పని అక్కడికక్కడే ఆపేస్తుంది.

ఆమెకు యాభై మూడేళ్ళు. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. తండ్రి ఇమ్మానుయేలు ఆలమూరు చేలల్లో కూలి చేసి ఆమెను పాలిటెక్నిక్ చదివించాడు. ఆఫీసులో కొత్తవి చేసేవాళ్ళకు చప్పట్లు కొడతారు. ఏమీ జరగకుండా చూసేదానికి ఎవరు కొడతారు?

ఈవేళ ఎర్రగా వచ్చింది. కరెంటు లీకైతే మోటారు ఆపాల్సిన ట్రిప్ మాడ్యూలు, తెర మీద అంకెలు చూపించే డిస్‌ప్లే హెడరును తెచ్చుకుంటోంది. రెండింటిలోనూ లిమిట్ అనే పేరుంది. ట్రిప్‌కి అది ముప్పై మిల్లీ ఆంపియర్లు, అంతకు మించితే మనిషి ప్రాణానికి ముప్పు. డిస్‌ప్లే పదోవంతుల్లో లెక్క చూస్తుంది గనుక అక్కడ మూడువందలు. పేరు ముందే ఉంటే మళ్ళీ పెట్టొద్దని రెండు ఫైళ్ళలోనూ రాసుంది గనుక ముందొచ్చిన డిస్‌ప్లే అంకే చెల్లుతుంది, రెండోది నోరెత్తదు. అంటే నీళ్ళలో దిగిన మనిషికి షాకు కొడుతున్నా పెట్టె మూడువందల దాకా చూస్తూ ఊరుకుంటుంది.

ఆ హెడరును తెచ్చే వరుస రాసింది ఓనరు సూర్యప్రకాషే. నిన్న సాయంత్రం హడావుడిలో రాశాడు. పిలవకుండానే వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"జీవరత్నం గారూ, నలభై పెట్టెలు ఉప్పలగుప్తం వెళ్ళాలండీ. ఆ చెకింగు ఈ ఒక్కరోజుకీ ఆపెయ్యండి."

"మీ వరుస తీసెయ్యండి, చెకింగు దానంతటదే ఊరుకుంటాదండీ."

"తీస్తే ట్రిప్పయిన సంగతి తెర మీద రాదు. రైతు అడిగిందే అది. నడిపి చూసేం కదా, బానే ఉంది."

"లీకు పెట్టి చూసేరా అండీ?"

సూర్యప్రకాష్ గోడ గడియారం వైపు చూశాడు.

"రేపు సాయంత్రందాకా ఇవ్వండి, ఆ కబురు వేరే ఫైల్లో పెట్టి పంపుతాను."

"ఈవేళే చెరువులో రొయ్యపిల్లల సీడు వదిలే ముహూర్తమండీ. రేపు అమావాస్య. రైతు ఒప్పుకోడు."

"అమావాస్య వెళ్ళిపోతాదండీ. పోయిన మనిషి రాడు."

అతను తన కంప్యూటరు దగ్గరికి వెళ్ళి ఆ తనిఖీ తనే ఆపేశాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. తెర పచ్చబడింది, మధ్యాహ్నానికి నలభై పెట్టెల్లోకీ ప్రోగ్రాము ఎక్కింది. అప్పుడు తనిఖీ కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

జీవరత్నానికి భయం వేసింది. ఈ వయసులో మరో ఉద్యోగం ఎవరిస్తారు? భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది.

"నేను సంతకం పెట్టనండీ."

"అయితే రేపట్నించి మీరు రానక్కర్లేదండీ."

"ఆయ్. రానండీ."

గోదావరి వాళ్ళం, ఉద్యోగం పీకేసినా అండీ అనే పీకుతాం. ఆమె సంచి సర్దుకుంది. వెళ్ళేముందు తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో ఏదో రాసి, టేపు చుట్ట తీసుకుని, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది.

కింద డ్రైవరు శ్యామ్ బాబు వ్యానులో పెట్టెలు పేర్చి తాడు బిగిస్తున్నాడు. ఆమె కాగితాన్ని పైపెట్టె మీద పరిచి అంటించింది.

"ఇదేంటండీ మేడమ్?"

"చదువు బాబూ."

అతను పైకే చదివాడు. "ఈ నలభై పెట్టెలూ ముప్పై దగ్గర ఆగవు. మనిషి నీళ్ళలో ఉండగా నడపొద్దు. జీవరత్నం." ఇంకోసారి చదివాడు. "మా బావ ఈ పెట్టెలెళ్ళే చెరువులోనే పనండీ. రోజూ మొలలోతు దిగుతాడు."

"అందుకే రాసేను."

ఆమె ఎండలో బస్టాండు వైపు నడిచింది. ఎడంమోకాలు ఈడుస్తున్నా తల వంచలేదు.

సూర్యప్రకాష్ కిందికి వచ్చేసరికి వ్యాను ఖాళీగా ఉంది. నలభై పెట్టెలూ వరండాలో ఉన్నాయి. శ్యామ్ బాబు తాడు చుట్టుకుంటూ, "ఇంకెవర్నన్నా చూసుకోండి సార్, నేను తీసికెళ్ళనండీ" అన్నాడు. పైపెట్టె మీద కాగితాన్ని సూర్యప్రకాష్ గోటితో గీకాడు. ఒక మూల కొద్దిగా లేచింది గానీ, నాలుగువైపులా రెండేసి వరుసలు వేసిన ఆ టేపు ఊడలేదు.