ఆ నీళ్లు పారబోయొద్దు

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కోత మిషను పక్కన స్టెల్లా కూలబడింది. చేతిలో పలకల కట్ట జారి పగిలింది. యజమాని ప్రకాశరావు ముందు పలకల్ని చూశాడు, తర్వాత మనిషిని చూశాడు.

ఆమె ఎడమ రొమ్ము వాచి జాకెట్టు బిగుసుకుపోయింది. ఏళ్ల కిందట క్యాన్సరొచ్చి ఆ రొమ్ము తీసేశారు. ఆ చోట సిలికాన్ సంచి పెట్టించింది ప్రకాశరావే, అల్లుడి ఆసుపత్రిలో, ఉచితంగా. అట్లాగే రొమ్ము తీసేసిన ఇంకా కొందరు కూలి ఆడవాళ్లకూ పెట్టించి పేపర్లో తన ఫొటో వేయించుకున్నాడు.

"కట్ట ఎడమపక్క ఆనించుకుంటావు. వాయక ఏమైతాది?" అన్నాడు అల్లుడు డాక్టరు మోహన్‌కృష్ణ. వాపులో చేరిన నీళ్లు సూదితో లాగి సింకులో పారబోశాడు. కొద్దిరోజులకే మళ్లీ నిండింది.

కూలోళ్లంతా నమ్మారు. అందరూ మోసేది అట్లాగే కదా. స్టెల్లా అక్క మగ్దలీనమ్మ మాత్రం నమ్మలేదు.

"కట్ట కుడిపక్కకు మార్చు చెల్లే, చూద్దాం."

మార్చింది. కుడిపక్క వాయలేదు. ఎడమది ఇంకా ఉబ్బింది.

"బరువు ఇటుంటే వాపు అటెందుకుంది?" అని మగ్దలీనమ్మ అందర్నీ నిలబెట్టి అడిగింది.

చెల్లెల్ని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ చూసి చెప్పింది: "ఇలాంటి సంచి పెట్టిన ఏళ్లకు ఒకపక్క వాచినా, నీళ్లు చేరినా, గడ్డ తగిలినా అనుమానించాలమ్మా. అరుదుగా సంచి చుట్టూ లింఫోమా అనే క్యాన్సరొస్తుంది. పాతది తిరగబెట్టడం కాదు, ఇది వేరే. అవునో కాదో ఆ నీళ్లు పరీక్ష చేస్తేనే తేలుతుంది. తొందరగా పట్టుకుంటే, సంచీ, దాని చుట్టూ ఉన్న పొరా తీసేస్తే చాలామందికి నయమవుతుంది. నీళ్లు తీసే సౌకర్యం ఇక్కడ లేదు. సంచి పెట్టిన ఆసుపత్రిలోనే తీసి సీసాలో ఇమ్మనండి. గుంటూరు ల్యాబుకు నేను పంపిస్తా."

మర్నాడు మిషన్లు ఆగిపోయాయి. నీళ్లు సీసాలో ఇచ్చేదాకా కదలమని ఆడవాళ్లంతా అల్లుడి ఆసుపత్రి గుమ్మంలో కూర్చున్నారు.

"పుణ్యానికి పెట్టిస్తే రోడ్డెక్కుతారా?" ప్రకాశరావు అరిచాడు. "రొమ్ములని కేకలేసేదానికి సిగ్గు లేదా?"

"ఫొటో ఏసుకున్నప్పుడు నీకు రాని సిగ్గు మాకెందుకొస్తాది సారూ?" అంది మగ్దలీనమ్మ. గుంపు పకపకా నవ్వింది. "ఆ నీళ్లల్లో ఏమీ లేకపోతే పారబోసేదానికి అంత తొందరేంది?"

వెనకనించి మస్తానమ్మ లేచింది. ఆమెకు ఆపరేషనైన సంగతే చాలామందికి తెలియదు.

"నాకూ పెట్టినారు. కుడిపక్క వాచింది. ఇంట్లో కూడా చెప్పలా."

"నాకూ గడ్డ తగులుతా ఉంది," ఇంకొకామె అంది.

మోహన్‌కృష్ణ మామ మొహం చూశాడు. గుమ్మం నిండా ఆడవాళ్లే. సూది తీసుకుని లోపలికి పోయాడు. ఈసారి నీళ్లు సీసాలోకి వచ్చాయి.

స్టెల్లా సీసా పట్టుకుని బయటికి వచ్చేసరికి పోలీసు జీపొచ్చింది. "ఫ్యాక్టరీ ఆపించింది ఎవరే?" అంటూనే ఎస్సై మగ్దలీనమ్మ రెక్క పట్టి జీపెక్కించాడు. గుంపు జీపు మీదికి ఉరికింది.

"నా ఎంట రాబాకండే!" ఆమె లోపల్నించి కేకేసింది. "సీసా ఎంట పోండి! మస్తానూ, నువ్వూ చూపించుకో!"

జీపు ఒకవైపు కదిలింది. ఆడవాళ్లు స్టెల్లాను మధ్యలో పెట్టుకుని సర్కారు ఆసుపత్రి దారి పట్టారు. ఎవరెవరు పోతున్నారో గుర్తుపెట్టుకుందామని ప్రకాశరావు మెట్ల మీద నిలబడ్డాడు. ఒక్కరు కూడా మొహానికి కొంగు అడ్డం పెట్టుకోలేదు.