డిజర్వ్ కింద ఉదాహరణ

మా ఆఫీసులో ఇంగ్లీషు మాటలకి మన భాషలో నిఘంటువు తయారుచేస్తాం. అక్కడొక పద్ధతుంది. ఏ మాటకైనా మేం రాసిన ఉదాహరణ వాక్యాన్ని ఆఫీసు ఊడ్చే అక్కకి చదివి వినిపించాలి. ఆమె తలూపితే అచ్చుకి వెళ్తుంది. ఎదురు ప్రశ్న వేస్తే కొట్టేసి మళ్లీ రాయాలి. పెద్ద ఎడిటర్‌గారు పెట్టిన రూల్స్‌లో తెలివైనది ఇదొక్కటే.

ఇరవై రెండేళ్లుగా ఆ వాక్యాలు రాసే గొడ్డు చాకిరీ నాది. ఈ నెలాఖరుకి పెద్ద ఎడిటర్‌గారు రిటైరవుతున్నారు. ఆ కుర్చీ నాదేనని ఆఫీసు గోడలక్కూడా తెలుసు.

"అడగందే అమ్మయినా పెట్టదు. ఒక్కసారి నోరు తెరిచి అడగవే," అని మా ఆయన వారం రోజులు పోరు పెట్టాడు.

"నా పనే మాట్లాడుతుందిలెండి," అన్నాను.

సోమవారం నా బల్ల మీదికి 'డిజర్వ్' వచ్చింది. అర్థం రాయడం ఎంతసేపు? తగు, అర్హత కలిగి ఉండు. ఉదాహరణ దగ్గరే చెయ్యి ఊరుకోలేదు. "ఇరవై రెండేళ్లు కష్టపడిన ఆమెకి ఆ కుర్చీ దక్కాలి" అని సిగ్గు విడిచి రాసుకున్నాను.

సిరా ఆరేలోపే అందర్నీ హాల్లోకి పిలిచారు. పెద్దాయన పక్కన ఆయన అల్లుడు నిలబడి ఉన్నాడు. మొన్నటిదాకా టైల్స్ షాపు నడిపిన మనిషి. కొత్త ఎడిటర్ అతనేనట.

"మీరుండగా నాకు బెంగేంటి మేడమ్? అన్నీ మీరే నేర్పాలి," అన్నాడు నవ్వుతూ.

నేను పెద్దాయన వైపు చూశాను.

"నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా. నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను," అన్నారాయన.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టిన చేతుల్ని నరుక్కోవాలనిపించింది.

బల్ల దగ్గరికొచ్చి, అలవాటు కొద్దీ అక్కని పిలిచి వాక్యం చదివాను. ఆమె చీపురు ఆపి శ్రద్ధగా వింది.

"మరి దక్కిందా అమ్మా?" అంది.

ప్రశ్న ప్రశ్నే. కొట్టేశాను. మళ్లీ రాసి చదివాను.

"పనే మాట్లాడుతుందని నోరు మూసుకు కూర్చున్నదానికి తగిన శాస్తి జరిగింది."

అక్క ఈసారి ఏమీ అడగలేదు. తలూపి, నా కాళ్లు పక్కకి పెట్టుకోమని, కుర్చీ కింద ఊడవడం మొదలుపెట్టింది.