పలచని పొర

కంది చేల మీద మంచు.

మంచులోంచి విమానం మోత... కనబడకుండా, పైపైకి.

మనీషా వాకిట్లో నిలబడి వినేది. దళసరి కళ్లద్దాలు తుడుచుకుని తలెత్తేది. అప్పటికే అది పోయేది.

తండ్రి ఈశ్వరయ్య కూతుర్నే చూసేవాడు. విమానాన్ని చూడడం అతనికి ఇష్టం లేదు. శంషాబాద్ దగ్గరి అతని చెలక రన్‌వే కింద పోయింది. జొన్న పండిన నేల. ఇప్పుడు దాని మీద చక్రాలు ఆనుతున్నాయి, లేస్తున్నాయి.

అయినా బిడ్డ ఎగురుతానంది.

అతను సరేనన్నాడు.

డిగ్రీ అయ్యాక విమానంలో ఉద్యోగానికి పిలిచారు. ఎత్తు చూశారు. మాట చూశారు. నవ్వు చూశారు. అద్దాలు తీయించి కళ్లు చూశారు — వద్దన్నారు.

లేజర్‌తో కళ్లద్దాల అవసరం పోతుందని ఎవరో చెబితే తండ్రీకూతుళ్లు నగరంలో కంటి దవాఖానకు వెళ్లారు. డాక్టరమ్మ చాలాసేపు పరీక్షించింది. నల్లగుడ్డు మీది పొర పలచగా ఉందనీ, దాన్ని లేజర్‌తో చెక్కితే నిలవదనీ, అద్దాలే మేలనీ నెమ్మదిగా చెప్పింది.

మనీషా ఏడవలేదు. ఊళ్లోనే పిల్లలకు చదువు చెప్పుకుంటానంది. అద్దాలు అలవాటే కదా అంది.

అక్కడ ఆగి ఉంటే...

ఈశ్వరయ్య ఆగలేదు. కూతురు వాకిట్లోకి రావడం మానేసింది. మోత వినబడితే చాలు, లోపలి గదిలోకి వెళ్లిపోయేది. అది చూస్తుంటే అతనికి ముద్ద దిగలేదు.

"ఒక్క డాక్టర్ వద్దంటె అయిపాయెనా? ఇంకో దవాఖాన జూద్దాం పా బిడ్డా."

రెండో చోట ఎవరూ వద్దనలేదు.

లేజర్ చేయించుకోవడానికి ఆమె లోపలికి వెళ్లింది. అతను బయట కూర్చున్నాడు. ఎదురుగా గోడంతా ఒక కన్ను బొమ్మ. తల దించుకున్నాడు.

బయటికొచ్చి ఆమె ఒకటే అంది.

"ఎంట్రుకలు కాలిన వాసనొచ్చింది బాపు."

మర్నాడు అద్దాలు లేకుండానే వేపచెట్టు ఆకుకు ఆకు విడిగా కనబడింది. ఆమె దాని కింద నిలబడి నవ్వింది... నవ్వుతూనే ఉంది. ఆ రోజు ఈశ్వరయ్య కూడా తలెత్తి విమానాన్ని చూశాడు.

ఉద్యోగం వచ్చింది. రెండేళ్లు ఎగిరింది. మబ్బులు పైనుంచి దూదేకినట్టుంటాయని ఇంటికొచ్చి చెప్పేది.

తర్వాత సీట్ల మీది అంకెలు రెండేసి అయ్యాయి. దీపాలకు తోకలు మొలిచాయి. చందమామ పక్కన ఇంకో చందమామ — చెరిగిపోయి, జారిపోయి...

పలచని పొర ముందుకు ఉబ్బుతోందన్నారు. ఇక మామూలు అద్దాలకు లొంగదన్నారు. కంట్లో పెట్టుకునే గట్టి లెన్సులు ఇచ్చారు. దుమ్ముకు అవి నిలవలేదు. కళ్లు ఎర్రబడి ధారలు కట్టేవి.

ఉద్యోగం పోయింది.

పెట్టె అడుగునున్న పాత అద్దాలు తీసి పెట్టుకుంది. కాసేపు వాకిట్లోకి చూసింది. తీసేసింది.

ఇంట్లో ఎవరూ ఆ రెండో దవాఖాన మాట ఎత్తలేదు. కూతురు ఎత్తుతుందేమోనని ఈశ్వరయ్య రోజూ ఎదురుచూశాడు. ఒక సాయంత్రం ఆమె చేట ముందు కూర్చుని, చూపుతో కాదు, వేళ్లతో తడిమి రాళ్లు ఏరుతోంది.

అతను ఉండబట్టలేకపోయాడు.

"తిట్టు బిడ్డా. ఒక్కపారన్న తిట్టు."

ఆమె వేళ్లు ఆగలేదు.

"రెండేండ్లు మంచిగ జూసిన గద బాపు."

అతను లేచి బయటికి వెళ్లిపోయాడు.

మళ్లీ మొదటి డాక్టరమ్మ దగ్గరికే వెళ్లారు. ఆమె పాత మాట తీయలేదు. ఉన్న చూపు నిలబెడదామని మాత్రం అంది.

తిరుగుదారిలో చీకటి పడింది. శంషాబాద్ రోడ్డు మీద గాలి... దుమ్ము... వెలుగుల మీద వెలుగులు.

బస్సు వచ్చి ఆగింది.

ఈశ్వరయ్యకు చదువు రాదు. ఏ బోర్డయినా ఆమే చదివి చెప్పేది, చిన్నప్పటి నుంచీ.

"ఏం బస్సు బాపు?"

అతను బోర్డు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. అక్షరాల మీద అక్షరాలు.

ఇద్దరూ రోడ్డు మీదే ఉండగా బస్సు కదిలింది.