రెక్సిన్ వెనకవైపు

పాత స్కూటర్ సీటు ఒళ్లో బోర్లా పెట్టుకుని, స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో పిన్నూ లేపి, పటకారుతో పీకి, రేకు డబ్బాలో వేస్తున్నాడు సీట్ల మేస్త్రి. ఒక సీటుకు ఎనభై, తొంభై పిన్నులుంటాయి. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మామూలుగా పావుగంటలో అయిపోయేది, ఇవాళ అరగంట గడిచినా సగం దగ్గరే ఉన్నాడు. పది పిన్నులకోసారి ఆగి, ఎడమచెయ్యి చొక్కాలోకి పోనిచ్చి ఛాతీ మీద పెట్టుకుని చూసుకుంటున్నాడు. కొట్టుకుంటోంది. సరే, మళ్లీ పటకారు.

కొట్టు అంటే పెద్దదేం కాదు. ఒక షట్టరు, లోపల రెండు మంచాలు పట్టేంత చోటు. ఎడమ గోడకు రెక్సిన్ చుట్టలు నిలబెట్టి ఉంటాయి. కుడివైపు బరువైన కుట్టుమిషను, దాని పక్కన భార్య రెక్సిన్ కోసే బల్ల. కోత ఆవిడది, కుట్టు ఆయనది. పెళ్లయిన రెండో ఏడు నుంచీ అంతే. ఆవిడ కోస్తే గోరంత ముక్క వృథా పోదు. మిషను జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. వేళ్లు పోతాయని ఆయనే భయపెట్టి దూరంగా ఉంచాడు. పిల్లలు లేరు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఈ కొట్టూ, ఆ మిషనూ.

పోయిన నెల దారం కొనుక్కొస్తానని చెప్పి ఆస్పత్రికి వెళ్లాడు. డాక్టరమ్మ గుండె బొమ్మ గీసి, మూడుచోట్ల అడ్డగీతలు పెట్టి, ఇంట్లోవాళ్లను తీసుకుని ఈ వారమే వచ్చి చేరమంది. ఖర్చు ఎంతో చీటీ మీద రాసిచ్చింది. కొట్టూ మిషనూ అమ్మితే సరిగ్గా సరిపోయే అంకె. చెబితే భార్య క్షణం ఆలోచించకుండా అమ్మేస్తుందని ఆయనకు తెలుసు. అమ్మాక తను బతక్కపోతే? ఆవిడ ఎక్కడ తల దాచుకుంటుంది? ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి దారిలోనే పారేశాడు. అబద్ధమాడినట్టు ఉండకూడదని నిజంగానే నాలుగు దారపుండలు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచీ మెట్లంటే భయం, నిద్రంటే భయం, భార్య మొహంలోకి చూడాలంటే మరీ భయం.

పదింటికి బావమరిది వచ్చాడు. ఒక బ్యాంకు తరఫున కార్డులు అమ్మే ఉద్యోగం అతనిది. నెలాఖరు, ఇంకొక్క కార్డు అంటగడితే లెక్క పూర్తవుతుంది.

"ఏంటి బావా, పెళ్లికూతుర్ని పట్టుకున్నంత సుతారంగా పట్టుకున్నావు సీటుని?" అంటూ స్టూలు లాక్కుని కూర్చుని, రంగురంగుల కాగితం బల్ల మీద పరిచాడు.

వ్యాపారం చేసుకునేవాళ్ల కోసమే పెట్టిన కార్డట. దానిమీద ఏ సరుకు కొన్నా నూటికి రెండు వెనక్కి వచ్చేస్తుందట. మొదటి ఏడాది ఫీజు లేదు, యాభై రోజులు వడ్డీ లేదు. వారం కిందట బస్సుల కంపెనీ మేనేజరు వచ్చి నలభై రెండు సీట్ల పని ఇస్తానన్నాడు కదా, సరుకు మీరే తెచ్చుకోవాలి, అన్నీ అప్పగించిన నలభై ఐదు రోజులకు డబ్బు అన్నాడు కదా. లక్షన్నర ఎక్కణ్నుంచి తేవాలని అక్క బెంగ పెట్టుకుంది కదా. ఇదిగో మందు, అన్నాడు బావమరిది.

భార్య కత్తెర ఆపి వింటోంది. ఆ పని వస్తే కుట్టుకు ఒక మనిషిని పెట్టుకోవచ్చని, ఈయన మధ్యాహ్నాలైనా నడుం వాలుస్తాడని ఆవిడ ఆశ. నిద్రలో మూలుగుతున్నాడని తమ్ముడికి ఫోనులో చెప్పుకుంది కానీ, అడిగితే కసురుకుంటాడని ఈయన దగ్గర నోరెత్తలేదు.

"కాగితం పెట్టి వెళ్లు. చూసి చెప్తాను" అన్నాడు మేస్త్రి.

"నేనింత చెప్పాక ఇంకా చూడ్డమేంటి బావా?"

"రెక్సిన్ అమ్మేవాడూ బోలెడు చెప్తాడు. తిప్పి చూడకుండా కొంటానా?"

రెక్సిన్ ఏదైనా పైకి తళతళలాడుతుంది. సరుకు సంగతి వెనకున్న గుడ్డే చెబుతుంది, నేత పలచనైతే ఏడాదిలో చిరుగుతుంది. అందుకే ఆయన కాగితాన్ని కూడా వెనకనుంచి మొదలుపెట్టాడు. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు.

లెక్కలు వేయడానికి ఆయనకు పుస్తకం లేదు. సీట్లు కుట్టేవాళ్లంతా చేసేదే ఆయనా చేస్తాడు. కోసిన రెక్సిన్ ముక్క వెనకవైపు గుడ్డ మీద సుద్దముక్కతో రాసుకుంటాడు, కొలతలు, ఫోను నంబర్లు, కూడికలు. సీటు మీద బిగించాక ఎవరికీ కనబడవు. స్కూటర్ సీటు కోసం భార్య కోసిచ్చిన నల్లముక్కను తిరగేసి రాయడం మొదలెట్టాడు.

లక్షన్నరకు వెనక్కి వచ్చేది మూడువేలు. ఫోమ్ షాపువాడు కార్డు గీకితే నూటికి రెండు ఎక్కువ వేస్తాడు, అదీ మూడువేలే. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కోవడమన్నమాట. యాభై రోజుల మాటకూ వెనక మెలిక ఉంది, అవి పోయిన బిల్లు తేదీ నుంచి లెక్క. ఇప్పుడు కొంటే చేతిలో ఉండేది ఇరవై రెండు. కుట్టడానికి ఇరవై, కంపెనీవాడికి నలభై ఐదు. మధ్యలో మిగిలే నలభై మూడు రోజులకు వడ్డీ ఏడున్నర వేలు. పోతే పోనీ, కూలి డబ్బులో ఇంకా పదిహేడు వేలు మిగులుతుంది. బతికున్నవాడికి కార్డు మంచిదే.

పద్నాలుగో అంశం దగ్గర వేలు ఆగిపోయింది. కార్డుదారు మరణిస్తే బాకీ మొత్తం ఒకేసారి చెల్లించాలి, వ్యాపార ఆస్తుల నుంచి వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. ఫోమ్ కోసేసి ఉంటుంది, కుట్టేవాడు ఉండడు. ఎవరో వచ్చి మిషను మోసుకుపోతుంటే భార్య షట్టరు పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మ కళ్లముందు నిలిచి ఎంతకీ పోలేదు. పదిహేడు వేల కింద రాశాడు, "నేను లేకపోతే?" అని.

రాసి, అలవాటుకొద్దీ ఆ ముక్కను మిషను మీద కుట్టి, సీటు మీదికి లాగి, పిన్నులు కొట్టేశాడు. పన్నెండింటికి స్కూటరతను వచ్చి సీటు తట్టి చూసుకుని, మెచ్చుకుని, ఎక్కి వెళ్లిపోయాడు.

అన్నాల దగ్గర భార్య అడిగింది. వద్దన్నాడు. ఎందుకంది. వచ్చే రెండూ ఫోమ్ షాపువాడికే పోతాయన్నాడు. లాభం లేకపోతే పోయింది, నష్టమైతే లేదుగా, పని దక్కుతుందిగా, అంది. నిజమే. దానికి ఆయన దగ్గరున్న జవాబు స్కూటరెక్కి వెళ్లిపోయింది.

"నాకు భయంగా ఉంది" అన్నాడు.

"ఎప్పుడు లేదు కనక?" అంది ఆవిడ. పెద్ద కొట్టు అద్దెకు దొరికినప్పుడూ ఇదే మాట, పనివాణ్ని పెట్టుకుందామన్నప్పుడూ ఇదే మాట. ఈయన భయాలతో వేగలేక ఆవిడకు విసుగొచ్చింది. విసుగులోనే ఇంకొంచెం పెరుగు వడ్డించింది.

ఆయన రెక్సిన్ చుట్టల వెనక చాప మీద ఒరిగాడు. రెండింటికి ఆయన ఫోను మోగింది, బల్ల మీదున్న ఫోను ఆవిడ తీసింది. ఆయన సరేనన్నాడని తమ్ముడితో చెప్పింది. ఇన్నేళ్ల కాపురంలో అంత పెద్ద అబద్ధం ఆడటం అదే మొదలు. సంతకం అక్కర్లేదక్కా, ఫోనుకొచ్చిన ఆరంకెలు చెప్తే చాలన్నాడు. కార్డు వచ్చేసరికి వారం పట్టినా నంబరు అప్పటికప్పుడే వచ్చేస్తుందట, కొలతలిస్తే ఫోమ్ ఇవాళే తనే పురమాయిస్తాడట. చీర కొంగుతో చేతి చెమట తుడుచుకుని, చాప వైపు ఒకసారి చూసి, అంకెలు ఒక్కొక్కటే చదివింది.

నాలుగింటికి వాకిట్లో ధబ్‌ధబ్‌మన్న చప్పుడుకు ఆయన లేచాడు. ఫోమ్ షాపు వ్యానులోంచి కట్టలు దింపుతున్నారు, కొలతకు కోసిన సరుకు, ఒకసారి కోశాక వాపసు తీసుకోరు. వ్యానుతోపాటే వచ్చిన బావమరిది నవ్వుమొహంతో నిలబడ్డాడు. భార్య తల వంచుకుని ఉన్నదంతా గడగడా చెప్పేసింది. ఆవిడ తిట్లకోసం ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు.

"ఇలా రా. మిషను మీద కూర్చో" అన్నాడు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

కూర్చోబెట్టి, పాదం ఎక్కడ ఆనించాలో, చక్రం ఎటు తిప్పాలో, వేళ్లు సూదికి ఎంత దూరంలో ఉండాలో చూపించాడు. చిత్తుముక్క ఒకటి సూది దగ్గరి ఇనప పాదం కింద పెట్టి, అంచు వెంట పొమ్మన్నాడు. మిషను గురగురమంది. ఆయన వెనక్కి నడిచి, ఆవిడ వెనకే ఉన్న ఫోమ్ కట్ట మీద కూర్చుని, పక్కనున్న రెక్సిన్ చుట్టకు తల ఆనించాడు.

"నలభై రెండూ నువ్వే కుట్టాల్సి రావచ్చు" అన్నాడు. "పోయిన నెల దారానికి కాదు, ఆస్పత్రికెళ్లాను. గుండెట. నీకు చెప్పాలంటే భయమేసింది."

ఆవిడ పాదం ఆగింది.

"ఆపకు. లైను వంకరపోతుంది."

ఆవిడ ఆపలేదు. కళ్లలో నీళ్లకు సూది కనబడకపోయినా, వెనక్కి తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా, ఆయన చెప్పాడని చివరిదాకా కుట్టింది. ఆస్పత్రికి ఇప్పుడే పోదామంది, కొట్టు పోతే పోనీ అంది, ఊ అను ఓసారి అంది. దారం తెంపి, ముక్క చేత్తో పట్టుకుని తిరిగింది.

బావమరిది ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, ఊపిరి లేదు. అతనూ, వ్యాను డ్రైవరూ చెరోపక్కా పట్టుకుని ఆయన్ని ఎత్తారు. ఆయన కూర్చున్నంత మేరా దిగిపోయిన ఫోమ్ మెల్లగా పైకి లేచి, పక్క కట్టలతో సమానమైంది.